సేద్యం అవ్వ చేతుల్లో, పాసుపుస్తకం తాత పేరున

మన ఊళ్లలో ఏ వీధిలోనైనా గడప గడపకూ వెళ్లి లెక్కపెడితే ఒక సంగతి తేలుతుంది. అరవై దాటిన మగవాళ్లకంటే అరవై దాటిన ఆడవాళ్లే ఎక్కువ మంది కనిపిస్తారు. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో గల్ఫుకో పోయారు. తాత కాలం చేశాడు. ఇంట్లో అవ్వ, దొడ్లో బర్రె, ఊరి బయట రెండెకరాల చేను మిగిలాయి. ఆ చేను ఎవరు చూస్తున్నారని అడిగితే అవ్వ అంటారు. ఎవరి పేరున ఉందని అడిగితే పోయిన తాత పేరు చెబుతారు. దాని మీద వచ్చే సాయం ఎవరి ఖాతాలో పడుతోందని అడిగితే, ఆగిపోయిందనో కొడుకు ఖాతాలో పడుతోందనో చెబుతారు. వృద్ధుల సమస్య అనగానే వృద్ధాశ్రమాలు, పట్నపు ఒంటరితనం గురించి పత్రికలు రాస్తాయి. పల్లెలో అది భూమి సమస్య, కూలి సమస్య, అప్పు సమస్య. కాబట్టి అది రైతు సంఘం పట్టించుకోవాల్సిన సమస్య అని మేం అనుకుంటున్నాం.

లెక్కలు చెప్పే మాట

1991 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటిన ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 930 మంది ఆడవాళ్లు ఉండేవారు. 2011 నాటికి ఆ సంఖ్య 1,033 అయింది. ఇరవై ఏళ్లలో తక్కెడ అటు నుంచి ఇటు మొగ్గింది. 2011లో దేశంలోని వృద్ధులు సుమారు 10.4 కోట్లు. 2021 నాటికి 13.8 కోట్లకు చేరారని, అందులో 7.1 కోట్ల మంది ఆడవాళ్లు, 6.7 కోట్ల మంది మగవాళ్లు అని కేంద్ర గణాంక శాఖ అంచనా. 2031 నాటికి మొత్తం 19.4 కోట్లు అవుతారని, ఆడవాళ్లే 10.1 కోట్లు ఉంటారని అదే అంచనా చెబుతోంది.

మన రాష్ట్రాలు ఇందులో ముందు వరసలో ఉన్నాయి. 2021 అంచనాల్లో దేశ జనాభాలో వృద్ధుల వాటా 10.1 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం, తెలంగాణలో 11 శాతం. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్ తర్వాత ఆంధ్రప్రదేశే.

దీనికి కారణాలు అర్థం కానివేమీ కావు. ఒకప్పుడు పురుటి చావులు ఎక్కువ. కాన్పు కాన్పుకూ ఆడమనిషి ప్రాణం గండంలో పడేది. అవి తగ్గాయి. 2016-20 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం మగవాడి సగటు ఆయుర్దాయం 68.6 ఏళ్లు, ఆడవాళ్లది 71.4 ఏళ్లు. దీనికి తోడు మన పెళ్లిళ్లలో మగవాడు నాలుగైదేళ్లు, పాత రోజుల్లో పదేళ్లు కూడా పెద్దవాడు. ఈ రెండు తేడాలూ కలిపితే ఇల్లాలి జీవితంలో చివరి అంకం చాలా ఏళ్లపాటు ఒంటరిగానే గడుస్తుంది. 2011 లెక్కల్లో అరవై దాటిన మగవాళ్లలో నూటికి 82 మందికి భార్య బతికి ఉంది. ఆడవాళ్లలో భర్త బతికి ఉన్నవాళ్లు సగం మందే. ముసలి మగవాడికి అన్నం వండి పెట్టే చెయ్యి ఇంట్లో ఉంటుంది. ముసలి ఆడమనిషికి ఆ చెయ్యి తనదే.

రైతు కుటుంబాల్లో ఇంకో కారణం కూడా ఉంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఇలా మెట్ట ప్రాంతాలన్నీ ఆ బాధ చూశాయి. నాడు ముప్పై ఏళ్ల వయసులో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఇప్పుడు అరవైకి చేరువలో ఉంది. అప్పు తీర్చింది, పిల్లలను చదివించింది, పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు ఆమె వృద్ధుల లెక్కలోకి వస్తోంది. వ్యవసాయ సంక్షోభం మిగిల్చిన మొదటి తరం ఒంటరి ఆడవాళ్లు ముసలివాళ్లవుతున్న కాలం ఇది.

అప్పు వెంటనే వస్తుంది, భూమి రాదు

రైతు చనిపోతే పెద్దకర్మ కాకముందే అప్పులవాళ్లు గడపలో కూర్చుంటారు. సొసైటీ బాకీ, బ్యాంకు బాకీ, ఎరువుల దుకాణం బాకీ అన్నీ ఆమె నెత్తికి వస్తాయి. భూమి మాత్రం ఆమె పేరుకు రాదు. తెలంగాణలో ఫౌతి అనీ విరాసత్ అనీ, ఆంధ్రలో మ్యుటేషన్ అనీ చెప్పుకునే పేరు మార్పిడి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. కొందరు కొడుకులు ఒక మాట అంటారు: "ఎటూ మాకే కదమ్మా, ముందు నీ పేరున, మళ్లీ మా పేరున అంటే రెండు ఖర్చులు. ఇప్పుడే మాకు రాసెయ్." తల్లి సంతకం పెడుతుంది. ఆ సంతకంతోనే ఆమె రైతు కాకుండా పోతుంది.

చట్టం ఇలా చెప్పడం లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే అతని ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వారసులు. ఇది 1956 నుంచీ ఉన్న హక్కు. చనిపోయింది కొడుకైనా తల్లికి అతని ఆస్తిలో ఒక వాటా ఉంటుందన్న సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇవ్వడంలో దేశానికంటే ఇరవై ఏళ్లు ముందు, 1985లోనే, ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. కేంద్రం 2005లో చేసింది. ఇతర మతాల కుటుంబాలకు వర్తించే చట్టాల్లోనూ భార్యకు వాటా ఉంది, ఎంత అన్నదాంట్లోనే తేడా. మరి చట్టం ఉండగా భూమి ఎక్కడ ఆగుతోంది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి సుమారు 14 శాతం. విస్తీర్ణంలో చూస్తే 12 శాతానికి లోపే. పల్లెల్లో పని చేసే ఆడవాళ్లలో మాత్రం ప్రతి నలుగురిలో ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారని 2022-23 శ్రామిక సర్వే చెప్పింది.

కాగితం మీద పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు భర్త ఖాతాతోపాటే ఆగిపోతుంది. తెలంగాణలో రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు పట్టాదారుకే. ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కేంద్ర సాయంతో కలిపి 20,000 రూపాయలు రావాలన్నా రికార్డులో పేరుండాలి. పంట రుణానికీ, పంట నష్ట పరిహారానికీ, కొనుగోలు కేంద్రంలో ధాన్యం అమ్మడానికీ అదే కాగితం అడుగుతారు. 2025 సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా నమోదు కావాలన్నారు. పేరు లేని, ఫోను లేని అవ్వ ఆ పత్తిని ఎవరికి అమ్ముతుంది? ఊళ్లో దళారి చెప్పిన ధరకే అమ్ముతుంది.

పథకాల్లో వయసు గీత

రైతు కోసం పెట్టిన పథకాలను వయసు వైపు నుంచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తెలంగాణ రైతు బీమా 2018 ఆగస్టు 15న మొదలైంది. ఏ కారణంతో రైతు చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందడం మంచి విషయమే. కానీ అది 18 నుంచి 59 ఏళ్ల వారికే. అరవై నిండిన రైతు చేను వదిలిపెట్టడు, బీమా మాత్రం అతణ్ని వదిలిపెడుతుంది. అతను పోతే మిగిలేది అతనికంటే నాలుగైదేళ్లు చిన్నదైన ఇల్లాలు. ఆ డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైంది ఆమెకే.

కేంద్రం 2019లో తెచ్చిన కిసాన్ మాన్‌ధన్ పింఛను కూడా అంతే. 18 నుంచి 40 ఏళ్ల వారే చేరాలి, నెలనెలా వాటా కట్టాలి, అరవై నిండాక నెలకు 3,000 రూపాయలు వస్తాయి. ఇవాళ అరవై, డెబ్బై ఏళ్లున్న రైతుకు గాని రైతమ్మకు గాని అందులో చోటే లేదు.

ఇక వృద్ధాప్య పింఛను. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. 2006లో 200 రూపాయలైంది. 80 దాటినవారికి 500 ఇస్తున్నారు. అరవై నుంచి డెబ్బై తొమ్మిది ఏళ్ల అవ్వకు ఢిల్లీ వాటా ఇప్పటికీ ఆ 200 దగ్గరే ఉంది. 2006లో ఒక యూరియా బస్తా ఎంత, ఒక డీఏపీ బస్తా ఎంత, కిలో కందిపప్పు ఎంత అన్నది మన సభ్యులకు గుర్తుండే ఉంటుంది. మిగిలినదంతా రాష్ట్రాల మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000 రూపాయలు ఇస్తున్నారు. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు మార్చే పద్ధతి కూడా పెట్టారు. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలు చేశారు. 2023 ఎన్నికల్లో దాన్ని 4,000 చేస్తామన్న మాట ఇచ్చారు. ఆ మాటను పూర్తిగా అమలు చేయించుకోవడం మన పని.

మంజూరైన పింఛను చేతికి రావడం ఇంకో పరీక్ష. కొడవలి, పార పట్టిన చేతుల మీద వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం ఆ చేతిని గుర్తుపట్టదు. యాభై ఏళ్లు పని చేసినందుకే ఆ ముద్ర చెరిగిపోయిందని యంత్రానికి తెలియదు. రేషను దుకాణంలోనూ అదే తంతు. వేలిముద్ర పడని చోట ముఖం గుర్తింపో, ఊళ్లో బాధ్యుల ధ్రువీకరణో తప్పనిసరిగా ఉండాలి. "రేపు రా అవ్వా" అని పంపించే పద్ధతి పోవాలి.

కూలి పోతోంది

భూమి లేని అవ్వల సంగతి ఇంకా కష్టం. వయసు మీరిన ఆడకూలీకి మన చేలల్లో దొరికే పని కలుపు తీయడం, పత్తి తీయడం, మిరపకాయలు ఏరడం, వేరుశనగ కాయలు కోయడం. కలుపు మందు వచ్చాక కలుపు కూలి పడిపోయింది. వరి కోత యంత్రానికి పోయింది. మిరప కోతలు, నాట్లు గుత్తకు ఇస్తున్నప్పుడు ముఠాలు వయసు పిల్లలను, గట్టిగా ఉన్నవాళ్లను ఏరుకుంటాయి. వెనకబడే ముసలమ్మను ఎవరూ కలుపుకోరు. రోజు కూలికి పిలిచినా "ముసలిదానివి, నీకు ఇంతే" అని తగ్గించి ఇస్తారు.

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆ కూలి ఇచ్చేది కూడా చాలాచోట్ల మనలాంటి చిన్న రైతే. గిట్టుబాటు ధర రాని రైతు కూలి దగ్గర కోత పెడతాడు. మద్దతు ధర కోసం మనం చేసే పోరాటానికీ అవ్వ కూలికీ సంబంధం ఉంది. అయినా ధర వచ్చేదాకా ఆమె ఆగలేదు. నీడపట్టున చేసే పనులు, నర్సరీ పనులు, తాగునీరు అందించే పని వంటివి ఉపాధి పనుల్లో వయసు మీరిన ఆడవాళ్లకు ముందుగా కేటాయించాలి. ఒక పనికి ఒకే కూలి అన్న సూత్రం మన సంఘం సభ్యుల చేలల్లోనే మొదలు కావాలి.

అవ్వ, కౌలు రైతు ఎదురెదురుగా

భూమి ఉన్న అవ్వ దుక్కి దున్నలేదు, నీళ్లు కట్టలేదు. కౌలుకు ఇస్తుంది. తీసుకునేవాడు కూడా పేదవాడే. ఇద్దరి మధ్య మాట తప్ప కాగితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని అవ్వను పక్కవాళ్లు భయపెడతారు. ఆమెకు ఉన్న ఒకే ఆధారం అది. ఆమె పెట్టదు. కౌలు రైతుకు కార్డు రాదు, బ్యాంకు రుణం రాదు, నష్టపరిహారం రాదు. పంట పోతే అతను కౌలు కట్టలేడు. కౌలు రాకపోతే అవ్వకు పొయ్యి వెలగదు.

రెండెకరాల అవ్వ భూస్వామి కాదు, కౌలు రైతు ఆమెకు శత్రువూ కాదు. ఆ చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని అందులో స్పష్టంగా ఉంది. ఈ సంగతి అవ్వకు ఎవరు చెప్పాలి? రెవెన్యూ అధికారి చెబితే ఆమె నమ్మదు. కొడుకు చెప్పడు. మన గ్రామ కమిటీ చెప్పాలి. కమిటీ సమక్షంలో ఒప్పందం రాయించి, అవ్వకు కౌలు ఏ నెలలో ఎంత రావాలో, పంట పోతే ఎంత తగ్గించాలో అందులోనే పెట్టించాలి. ఇద్దరికీ అండగా నిలవగలిగింది మన సంఘమే.

"అది వాళ్లింటి గొడవ" అంటే

తల్లికి వాటా ఇవ్వమంటే, కొడుకులను మందలించబోతే, "కుటుంబ విషయాల్లో సంఘం ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడూ మగవాళ్లు ఆ మాటే అన్నారు. తాగడం, కొట్టడం ఇంటి గొడవే అన్నారు. ఆ గొడవ రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ రోజు కొంగు బిగించిన ఆడవాళ్లే ఇవాళ్టి అవ్వలు. అంతకు ముందు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దొరకు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకుంది. తన భూమి, తన పంట అని ఒక ఆడమనిషి అన్న మాట తెలంగాణ రైతాంగ పోరాటానికి ఊపిరి పోసింది. జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల విత్తనాలు కాపాడుతున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్న, సజ్జ, కొర్ర ఎప్పుడు వేయాలో, గింజ ఎలా దాచాలో తెలిసిన పెద్దవాళ్లు ఆ సంఘాల్లో ఉన్నారు. అవ్వ అంటే సాయం కోసం చేయి చాచే మనిషి అనుకోవడం తప్పు. ఆమె దగ్గర సేద్యం తెలివి ఉంది.

తల్లి పేరున భూమి ఉంటే ఆమె ఏ కూతురికి రాసిస్తుందో అన్న భయం కొందరిది. ఆ భయం వల్లే ఆమెకు రోజూ అన్నం దొరుకుతుందని మేం అంటాం. మాట కటువుగా ఉన్నా నిజం ఇది. కాగితం చేతిలో ఉన్న తల్లికీ, రాసిచ్చేసిన తల్లికీ ఇంట్లో జరిగే మర్యాదలో తేడా మనం చూస్తూనే ఉన్నాం.

రాసిచ్చేయక తప్పకపోతే ఒక జాగ్రత్త తీసుకోవాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషిస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకుని పోషించకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. అందుకే ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి. పోషణ కోసం ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. వకీలుతో పని లేదు.

మనం అడగాల్సినవి, చేయాల్సినవి

జాతీయ రైతు కమిషన్‌కు అధ్యక్షత వహించిన ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టారు. భూమి ఉన్నా లేకున్నా సేద్యం చేసే ఆడమనిషిని రైతుగా గుర్తించి ధ్రువపత్రం ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. అది ప్రైవేటు బిల్లు. 2013లో మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు, శాలువాలతో అది ముగిసిపోకూడదు. ప్రభుత్వాల ముందు మేం పెడుతున్న డిమాండ్లు ఇవి:

1. మహిళా రైతుల హక్కుల చట్టాన్ని ప్రభుత్వమే తేవాలి. వయసుతో పని లేకుండా సాగు చేసే ప్రతి ఆడమనిషికీ రైతు గుర్తింపు ఇవ్వాలి.

2. పట్టాదారు మరణం నమోదైన వెంటనే రెవెన్యూ శాఖే వారసత్వ విచారణ మొదలుపెట్టాలి. భార్య వాటాను ఆమె విడిగా వచ్చి అంగీకారం చెబితే తప్ప వేరేవారి పేరున మార్చకూడదు.

3. రైతు బీమాకు 59 ఏళ్ల గీత తీసేయాలి. కనీసం 75 ఏళ్ల దాకా వర్తింపజేయాలి.

4. వృద్ధాప్య, వితంతు పింఛన్లలో కేంద్రం వాటాను ధరలకు తగినట్టు పెంచాలి. ఏటా సవరించాలి.

5. యాప్, ఓటీపీ, వేలిముద్ర లేకుండా కూడా పంట అమ్ముకునే, పింఛను తీసుకునే దారి ప్రతి గ్రామంలో ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఆగనక్కరలేదు. మన గ్రామ కమిటీలు ఈ సీజను ముగిసేలోగా చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఊళ్లో పట్టాదారు చనిపోయి పేరు మారని ఖాతాలు ఎన్ని ఉన్నాయో జాబితా రాయండి. ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించండి, ఆ గడువులో రుసుము ఉండదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాసుపుస్తకం, ఆధార్ ఒక చోట పెట్టించి అవ్వ వెంట తహసీల్దారు కార్యాలయానికి ఒకరు వెళ్లండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం కింద వారసత్వ మార్పిడికి విచారణ జరుగుతుంది. ఆ విచారణకు అవ్వ తప్పకుండా హాజరయ్యేలా చూడండి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలన్న నిబంధన ఉన్నా, పట్టాదారు మరణం వల్ల వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. కాబట్టి పేరు మారగానే ఆమె పేరున కొత్తగా దరఖాస్తు పెట్టించండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది, అది తీయించండి. సభ్యుడు చనిపోయిన ఇంటికి వెళ్లినప్పుడు ఆ సభ్యత్వం ఇల్లాలి పేరున రాసి రసీదు ఆమె చేతిలో పెట్టండి.

ఈ పనుల్లో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక్కో అవ్వకు రెండు రోజుల తిరుగుడు, నాలుగు కాగితాలు. వచ్చే పదేళ్లలో మన చేలల్లో, మన సభల్లో అవ్వల సంఖ్య ఇంకా పెరుగుతుంది. వాళ్లు సొంత భూమి మీద నిలబడి మాట్లాడతారా, కొడుకుల గుమ్మంలో కూర్చుని అడుక్కుంటారా అన్నది ఇప్పుడు మనం మార్పించే పాసుపుస్తకాల మీద ఆధారపడి ఉంది. జాబితా రాయడం ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలోనే మొదలుపెట్టండి.